మూడో హాలులో రెండో మనిషి

ఇరవై రెండేళ్ల నౌకరీలో ఘియాసుద్దీన్ రాసిన తప్పుడు రిపోర్టు ఒకే ఒక్కటి. అది తప్పుడుదని రాసేటప్పుడు అతనికే తెలియదు. తెలిసి చేసిన తప్పుకైతే మనిషి ముందే ఒక సాకు వెతికి పెట్టుకుంటాడు. తెలియక చేసినదానికి ఆ వెసులుబాటు కూడా ఉండదు.

అతను రావిర్యాల దగ్గర, విమానాల్లో బిగించే ఎలక్ట్రానిక్ బోర్డులు తయారుచేసే కంపెనీలో సెక్యూరిటీ సూపర్‌వైజరు. ఇల్లు శంషాబాద్‌లో. ఆ కంపెనీలో మూడో హాలు అని ఒకటుంది. అక్కడ తయారయ్యేవి సైన్యానికి పోతాయని అందరికీ తెలుసు, పైకి మాత్రం ఎవరూ అనరు. ఆ గడప దాటి ఫోను పోకూడదు, స్మార్ట్ వాచీ పోకూడదు, గాల్లోకి సిగ్నల్ వదిలే ఏ వస్తువూ పోకూడదు. గేటు దగ్గర అరల్లో ఫోన్లు పెట్టి, నంబరున్న ఇత్తడి బిళ్ల తీసుకుని లోపలికి రావాలి. ప్రతి నెలా మొదటి సోమవారం అందరినీ వరుసగా నిలబెట్టి ఈ రూల్సు చదివి వినిపించేది ఘియాసుద్దీనే. "పొరపాటున తెచ్చినా సరే, పాస్ రద్దు" అన్న చివరి మాట దగ్గర అతని గొంతు ఒక మెట్టు పైకి లేచేది. ఆ మాట పలకడమంటే అతనికి మహా ఇష్టమని పనివాళ్లు చాటున నవ్వుకునేవాళ్లు. నిజంగానే ఇష్టం.

హాలు పైకప్పుకు నాలుగు మూలలా నాలుగు తెల్ల డబ్బాలున్నాయి. లోపల ఎక్కడైనా కొత్త సిగ్నల్ పుడితే అవి పట్టుకుని ఆఫీసులో తెర మీద ఎర్ర చుక్క వేస్తాయి. అప్పుడు చేతి యంత్రం తీసుకుని వెతకాలి. దాని అసలు పేరు బారెడు పొడుగు. కంపెనీలో అందరూ దాన్ని 'కుక్క' అనేవాళ్లు, వాసన తగిలితే మొరుగుతుంది కాబట్టి. ఏదో దగ్గర్లో ఉందని చెబుతుందే గానీ, ఫలానా మనిషి దగ్గర అని వేలు పెట్టి చూపించదు. ఆ పని మనుషులదే.

పోచమ్మ ఆ హాలు తుడిచే మనిషి. రావిర్యాల ఊరే. యాభై దాటింది, పదేళ్లుగా అదే పని. పదిన్నరకు టీ బెల్లు కొట్టగానే అందరూ బయటికి పోతారు, ఆమె బకెట్టు పట్టుకుని లోపలికి వస్తుంది. మూడో హాల్లో తుడిచేవాళ్లను ఒంటరిగా వదలకూడదని రూలు. అందుకని ఆమె పని అయ్యేదాకా ఘియాసుద్దీన్ లోపలే, తలుపు దగ్గర నిలబడాలి. ఆ కాసేపూ అతనికి జిక్ర్ చేసుకునే సమయం. పెదవుల్లోనే దేవుణ్ణి తలచుకుంటూ, వేలికున్న ప్లాస్టిక్ ఉంగరం మీది మీటను బొటనవేలితో నొక్కుతాడు. నొక్కినప్పుడల్లా లెక్క ఒకటి పెరుగుతుంది. నాలుగేళ్ల కిందట ఆ ఉంగరాన్ని ఆఫీసులో చూపించి, రిజిస్టర్లో రాయించి మరీ అనుమతి తెచ్చుకున్నాడు. అంత జాగ్రత్త గల మనిషి.

"ఎంతైందన్నా ఇయ్యాల?" అని పోచమ్మ నేల తుడుస్తూ అడిగేది.

"మూడు వందలు."

"నా పేరు మీద గూడ ఓ పది ఎయ్యి. నాకెట్లా తీరిక లేదు" అని నవ్వేది.

అతను నవ్వకుండా, నిజంగానే ఇంకో పది వేసేవాడు.

ఒక సోమవారం పది నలభైకి తెర మీద ఎర్ర చుక్క పడింది. తలుపు పక్క గోడ ఫోనులో కబురందుకుని ఘియాసుద్దీన్ నడవా చివరి బీరువాలోంచి కుక్కను తెచ్చేసరికి చుక్క మాయమైంది. మంగళవారమూ అంతే. అదే సమయం, అదే హాలు. బుధవారం సెక్యూరిటీ హెడ్డు ఉదయభాస్కర్ తానే వచ్చాడు. భీమవరం వైపు మనిషి, మాట మెత్తన.

"మీరు రోజూలాగే నిలబడండి ఘియాసుద్దీన్ గారూ. ఏమీ తెలియనట్టే ఉండండి. నేను యంత్రం పట్టుకుని తలుపు వెనకాల ఉంటాను" అన్నాడు.

పోచమ్మ తలుపు దగ్గరి గచ్చు తుడుస్తుండగా కుక్క మొరిగింది. ఉదయభాస్కర్ ముందుకు వచ్చి హాలంతా కలయజూశాడు. పోచమ్మ ఉంది, ఆమె బకెట్టు ఉంది. ఇంకెవరూ లేరు. ఘియాసుద్దీన్ వైపు తిరిగి, దొరికిందన్నట్టు తల ఊపాడు.

ఇద్దరు ఆడ గార్డులు వచ్చి పోచమ్మను పక్క గదిలోకి తీసుకుపోయారు. కుక్కను కూడా పట్టుకెళ్లారు. పల్చటి చెక్క తలుపు. దాని ముందు ఘియాసుద్దీన్ కాపలా నిలబడ్డాడు. పోచమ్మ అలాంటి పని చేసే మనిషి కాదని అతనికి గట్టి నమ్మకం. అయినా నమ్మకం రిపోర్టులో రాసేది కాదు. అతని చేతిలో ఉన్నది ఒక్కటే, అదే చేశాడు. కళ్లు మూసుకుని, ఆమె మీద మచ్చ పడనీయకు అల్లా అని జిక్ర్ మొదలుపెట్టాడు.

లోపల కుక్క మొరిగింది. ఆగింది. మళ్లీ మొరిగింది. "ఇది గూడ తియ్యి" అన్న మాట వినిపించింది. అతను ఇంకా గట్టిగా కళ్లు మూసుకున్నాడు. నలభై నిమిషాలు గడిచాయి. ఏమీ దొరకలేదు. దొరకకపోతేనేం, ఎక్కడో దాచింది, లేకపోతే ఎందుకు మొరుగుతుంది అన్నారు.

పోచమ్మ బయటికి వచ్చినప్పుడు చీర కుచ్చిళ్లు సగమే దోపి ఉన్నాయి. అతన్ని చూసి ఆగింది.

"నువ్వన్నా జర చెప్పన్నా."

అతను తల దించుకున్నాడు. ఆ మధ్యాహ్నం పోచమ్మ పాస్ రద్దయింది. సాక్షిగా రిపోర్టు రాయమంటే ఘియాసుద్దీన్ ఉన్నదే రాశాడు. ఎర్ర చుక్క పడ్డ మూడు రోజులూ, ఆ సమయంలో, మూడో హాలులో పోచమ్మ తప్ప మరెవరూ లేరు. కింద సంతకం పెట్టాడు.

గురువారం తనిఖీ కోసం హాలు మూసేశారు. శుక్రవారం అతని వారపు సెలవు. జుమ్మా నమాజు చదివి, అన్నం తిని కూర్చుంటే కూతురు ఆఫియా ఫోను పట్టుకుని వచ్చింది. డిగ్రీ రెండో ఏడాది. మొహం నిండా సంబరం.

"అబ్బాజాన్, ఒకటి చూపిస్త, కోపం జెయ్యొద్దు. ఖాలా ఉమ్రా నుంచి తెచ్చిన ఉంగరం ఉందిగద, అది మామూలుది గాదు. నీకు చెప్పకుండ నీ ఫోనుకు కలిపిన. వారమంత ఎంత చదివినవో చూడు."

ఘియాసుద్దీన్ వేలి వంక చూసుకున్నాడు. పోయిన ఆదివారం మరదలు మక్కా యాత్ర నుంచి తెచ్చి ఇచ్చిన కొత్త ఉంగరం. పాతదాని రంగే, పాతదాని కొలతే. పాతది డబ్బాలో పడేసి ఇది పెట్టుకున్నాడు. గేటు దగ్గర ఎవరూ అడగలేదు. అడగాలని అతనికీ తోచలేదు. రిజిస్టర్లో రాసి ఉందిగా.

"ఫోను గేటు కాడ ఉంటది. దానికెట్ల తెలుస్తది?" అన్నాడు.

"బ్లూటూత్ అబ్బా. మీట నొక్కితే ఫోనును పిలుస్తది. దొరకకపోతే రెండు మూడు సెకన్లు పిలిచి ఊకుంటది. మళ్ల నొక్కితే మళ్ల పిలుస్తది. ఇంటికొచ్చినంక లెక్కంత ఫోనుకు ఇచ్చేస్తది. ఇగో, సోమవారం పది నలభై. మంగళవారం గూడ పది నలభై. బుధవారం పది నలభై అయినంక మళ్ల చూడు, ఎంత పొడుగుందో! పదకొండు నుంచి పదకొండు నలభై దాంక. ఆనాడు ఏంది అబ్బా విశేషం?"

చంకలో పిల్లను పెట్టుకుని సంతంతా వెతికినట్టు అంటారు. సామెతలో పిల్ల దొరుకుతుంది, అందరూ నవ్వుకుంటారు. ఇక్కడ సంతలో ఉన్న ఒక ఆడమనిషిని పట్టుకుని పిల్లనెత్తుకుపోయిందని కొట్టారు. ఘియాసుద్దీన్ ఉంగరం తీయబోతే అది వేలి నుంచి రాలేదు. ఆఫియా సబ్బు నీళ్లు తెచ్చింది, ఏమైందో తెలియక ఏడుపు మొహం పెట్టింది.

ఆ సాయంత్రం భార్య జాహెదాకు అంతా చెప్పాడు. ఆమె లేచి వీధి తలుపు వేసింది. తర్వాత ఉర్దూలో, గొంతు తగ్గించి, పోచమ్మను ఏమంటున్నారు అని అడిగింది. డబ్బుకు ఆశపడి ఎవరికో సాయం చేసిందంటున్నారు అన్నాడు.

"మిమ్మల్ని అంతటితో వదుల్తారా? మీ పేరు చూసి ఏమంటారో నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. ఆ భయం అతనికి కొత్త కాదు. సైన్యానికి పోయే సరుకు ఉన్న హాలు ముందు ఇరవై రెండేళ్లు నిలబడ్డవాడు. అందరికంటే ముందు రావడం, అందరికంటే గట్టిగా రూల్సు చదవడం, ప్లాస్టిక్ ఉంగరానికి కూడా రిజిస్టర్లో సంతకం పెట్టించడం, ఇవన్నీ ఎందుకు చేశాడో జాహెదాకు తెలుసు. ఇప్పుడు అతని వేలి నుంచే సిగ్నల్ పోయిందంటే, జపం చేసుకున్నాడని ఎంతమంది నమ్ముతారు? ఆఫియా చదువేమవుతుంది? ఉంగరం తెచ్చిన మరదలి ఇంటికి ఎవరు వస్తారు? అతను నిజంగా భయపడ్డాడు. నోరు మూసుకుందామనుకున్నాడు.

శనివారం ఉంగరం ఇంట్లో వదిలి డ్యూటీకి పోయాడు. పోచమ్మ చోట వేరే ఆవిడ తుడిచింది. తెర మీద చుక్క పడలేదు.

"చూశారా?" అన్నాడు ఉదయభాస్కర్. "మనిషి పోయింది, సిగ్నలూ పోయింది. ఇంతకన్నా రుజువేం కావాలండీ?"

ఘియాసుద్దీన్ అవునన్నాడు. ఆ పూట అన్నం డబ్బా మూత కూడా తీయలేదు.

ఆదివారం డ్యూటీ దిగాక, చెప్పేద్దామనే రావిర్యాల ఊళ్లోకి పోయాడు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. పోచమ్మ ఇంటి ముందు బీడీలు కాలుస్తున్న ఇద్దరు అతని యూనిఫాం ప్యాంటు చూసి, "దేశాన్ని అమ్ముకున్న ఇల్లు ఇదే, పో" అన్నారు. అది విన్నాక, కూర్చిన మాటల్లో సగం గడప దాటకముందే పోయాయి.

పోచమ్మ అతన్ని చూసి గబగబా కుర్చీ వేసింది. ఆమె కళ్లలో కోపం వెతికాడు. లేదు. ఉంటే బాగుండేది.

"నువ్వు ఉన్నది రాసినవన్నా, నీ తప్పేముంది. నీ నోట అబద్ధం రాదని నాకెర్కలేదా?" అంది. తర్వాత చీర కొంగు ముడి విప్పి ఒక తాయెత్తు తీసింది. రాగి గొట్టం, నల్లదారం. దారం తెగి ఉంది. "ఇదే అన్నా నా కొంప ముంచింది. జాంగీర్ పీర్ల దర్గాల మా అవ్వ కట్టిచ్చింది, నాకు ఏడేండ్లప్పుడు. ఆ గదిల ఇది పట్టుకున్నప్పుడు గూడ మొరిగింది. ఇందుల ఏం దాచినవ్ అని దారం కోసేసిండ్రు. పీర్ల తాయెత్తు గట్ల మొరుగుతదా? నీ కుక్కకు ఒక్కపాలి చూపించన్నా. గిది మొరిగితే, నా నసీబ్ అనుకుంట."

ఘియాసుద్దీన్ తాయెత్తు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. పోచమ్మ ఇచ్చిన టీ తాగాడు. చూపిస్తానని చెప్పాడు. చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు. ఒక ముసలి పీరును కూడా అనుమానంలోకి లాగాను అనుకుంటూ స్కూటర్ ఎక్కాడు. సర్వీసు రోడ్డు పక్కన ఆపి ఏడ్చాడు. తల మీదుగా విమానాలు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి.

సోమవారం డ్యూటీ మొదలవకముందే గేటు దగ్గర రిజిస్టర్లో 'బ్లూటూత్ ఉంగరం ఒకటి, అధికారికి చూపించడానికి' అని రాసి, గార్డును వెంటబెట్టుకుని ఉదయభాస్కర్ గదికి పోయాడు. కుక్కను బల్ల మీద పెట్టాడు. దాని ముందు తాయెత్తు పెట్టాడు. అది మొరగలేదు. తాయెత్తు తీసి జేబులో వేసుకుని, ఉంగరం పెట్టి మీట నొక్కాడు. మొరిగింది.

"ఇది నాది సార్" అన్నాడు. "మూడు రోజులూ నా వేలికే ఉండె. ఆ గది తలుపు బయట గూడ."

ఉదయభాస్కర్ లేచి గది తలుపు వేశాడు. యంత్రం ఆపాడు. ఉంగరాన్ని అతని వైపు జరిపాడు.

"ఇది మీరు జేబులో పెట్టుకుని వెళ్లిపోండి. రిజిస్టర్ సంగతి నేను చూసుకుంటాను. రిపోర్టు పైకి వెళ్లిపోయిందండీ. మీ సంతకం కింద నా సంతకం కూడా ఉంది. ఆవిడ మీద పోలీసు కేసేమీ పెట్టలేదుగా, ఇంకోచోట పని చూసుకుంటుంది. మీరిది బయటపెడితే మీ గురించి ఏమేం మాట్లాడతారో ఆలోచించారా? మీ మంచికే చెబుతున్నాను."

ఒక్క క్షణం ఘియాసుద్దీన్‌కు ప్రాణం లేచొచ్చింది. పైవాడే వద్దంటున్నాడు. చెప్పాల్సింది చెప్పేశాడు, ఇక తన బాధ్యత తీరింది. అలా ప్రాణం లేచొచ్చినందుకు మరుక్షణమే తన మీద తనకు అసహ్యం వేసింది. జేబులో తెగిన దారం వేలికి తగిలింది.

"కాయిదం ఇయ్యుండ్రి సార్" అన్నాడు.

నిలబడే రాశాడు. నా పాత రిపోర్టులో ఒక తప్పుంది. మూడు రోజులూ ఆ సమయంలో మూడో హాలులో ఇద్దరున్నారు. రెండో మనిషిని నేను. నన్ను నేను లెక్కపెట్టుకోలేదు.

ఆ తర్వాత రెండు రోజులు పైనుంచి వచ్చినవాళ్లు అతన్ని కూర్చోబెట్టి అడిగారు. ఉంగరం విప్పి చూశారు. ఫోను తీసుకున్నారు, ఆఫియా ఫోను కూడా తీసుకున్నారు. మరదలు ఉమ్రాలో ఎవరెవరిని కలిసిందని అడిగారు. అడిగిందే పదిసార్లు అడిగారు. జాహెదా భయపడ్డ ప్రతి ప్రశ్నా వచ్చింది. చివరికి అది లెక్క కట్టే ఉంగరమే, ఇంకేమీ కాదని రాసిచ్చారు. కానీ పొరపాటున తెచ్చినా సరే, పాస్ రద్దు. ఆ కాగితాన్ని అతనికి చదివి వినిపించిన కుర్ర ఆఫీసరు చివరి మాట మెల్లగా చదివాడు. అది అంత మెల్లగా కూడా చదవొచ్చని ఘియాసుద్దీన్‌కు ఎప్పుడూ తోచలేదు.

గురువారం పొద్దున యూనిఫాం మడిచి అప్పగించి గేటు దగ్గరికి వచ్చేసరికి పోచమ్మ అక్కడ ఉంది. ఆమెను మళ్లీ పనిలోకి పిలిచారు. కొత్త పాస్ మెడలో వేసుకుని, ఫోను అరలో పెట్టి ఇత్తడి బిళ్ల తీసుకుంటోంది.

అతను తాయెత్తు తీసి ఇచ్చాడు.

"ఇది మొరగలేదు పోచమ్మా. మొరిగింది నా ఉంగరం. తప్పంత నాదే. మాఫ్ జెయ్యి."

"చెప్పిండ్రన్నా" అంది. తాయెత్తును అరచేతిలో పెట్టుకుని చూసింది. ఆమె మొహంలో ఆదివారం నాటి నమ్మకం లేదు, అలా అని తిట్టే మొహమూ కాదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టుంది. "ఆ గదిల ఊకె మొరుగుడు, ఊకె ఆగుడు. వాండ్లు నన్ను ఒక్కొక్కటే ఇప్పుమన్నరు. నువ్వు తలుపు బయటనే ఉంటివి గదా. అప్పుడు గూడ లెక్కవెడుతున్నవా?"

లేదంటే సరిపోయేది. ఆమెకు తెలిసే దారి లేదు.

"అవును" అన్నాడు.

"ఏమని సదివినవ్?"

"నీ మీద మచ్చ పడొద్దని. నీ పేరు మీదనే సదివిన పోచమ్మా. నలభై నిమిషాలు. ఒక్క నిమిషం గూడ ఆపలే."

పోచమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. తాయెత్తును కొంగున ముడివేసుకుంది, ముడి గట్టిగా బిగించింది.

"నువ్వు జరసేపు ఆపి ఉంటే, నేను అప్పుడే చీర గట్టుకుంటుంటి గదన్నా" అంది.

టీ బెల్లుకు ఇంకా టైముంది. ఆమె బకెట్టు తీసుకుని లోపలికి పోయింది. ఘియాసుద్దీన్ బొటనవేలు అలవాటు కొద్దీ ఖాళీ వేలి మీదికి పోయింది. అతను దాన్ని ఆపి, చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని, స్కూటర్ దగ్గరికి నడిచాడు.